ఒడి నూలు

బడి బస్సు దిగి ఇంట్లోకి వచ్చేసరికి ఆమని ఒంటి మీద కోటు లేదు. ఉండలా చుట్టి చేత్తో పట్టుకుంది. బూట్లు కూడా విప్పకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి దాన్ని చెత్తబుట్టలో పడేసింది.

తల్లి హైమవతి ఆరోజు ప్రయోగశాల నుంచి తొందరగా వచ్చింది. స్టవ్ మంట తగ్గించి కోటు పైకి తీసింది. తను జగదాంబ సెంటర్లో కొన్న మామూలు నీలం కోటే. కానీ గుండె మీద తెల్ల దారంతో కుట్టిన వంకర ఈక బొమ్మ ఒకటి కొత్తగా కనిపించింది. జెల్వో కంపెనీ గుర్తు అది. కుట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

"నువ్వే కుట్టావా?"

"బాగానే కుట్టాను. చూసి ఎవరూ కనిపెట్టలేదు." ఆమని వంగి బూట్లు విప్పసాగింది. "పక్కన కూర్చుంటే తెలిసిపోయింది."

"కూర్చుంటే ఎలా తెలుస్తుంది?"

"రెండు జెల్వో కోట్లు పక్కపక్కనుంటే వీపు మీద ఎవరో నిమిరినట్టుంటుందటమ్మా. నా పక్కన కూర్చుంటే రాలేదని సంహిత లేచి నిలబడి 'ఇది డూప్లికేట్' అంది. తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి నా పక్కన నిలబడి చూశారు. లైన్ కట్టి మరీ."

పన్నెండేళ్ళ పిల్ల. ఆ లైన్ తరిగేదాకా కదలకుండా కూర్చుందట.

ఆ బడిలో యూనిఫారం లేదు. పిల్లల వ్యక్తిత్వం వికసించాలనే తీసేశామని చేర్చుకున్నప్పుడు ప్రిన్సిపాల్ గొప్పగా చెప్పింది. అలా వికసించిన వ్యక్తిత్వాలన్నీ ఇప్పుడు ఒకే కంపెనీ కోటు వేసుకుని తిరుగుతున్నాయి. విశాఖపట్నంలో, ఒళ్ళంతా జిగట పట్టే ఉక్కలో, మెడ దాకా జిప్పు పెట్టుకుని మరీ.

సాయంత్రం జోగారావు ఇంటికి వచ్చాక అదే మాట నడిచింది. అతను పోర్టులో టగ్గు నడుపుతాడు. కొండంత ఓడల్ని మెల్లగా నెట్టి ఒడ్డు చేర్చే మనిషి. ఇంట్లోనూ ఎవరినీ గట్టిగా నెట్టడు.

"కొనేద్దాం హైమా. పిల్లని అంతమందిలో నిలబెట్టారు."

"అందుకే కొనకూడదంటున్నాను. నిలబెట్టినవాళ్ళకే బహుమానం ఇచ్చినట్టు కాదా? నిమిరే కోటేమిటి, నా మొహం! ప్రచారం చేసి చేసి పిల్లలకి నిజంగానే నిమిరినట్టు అనిపించేలా చేశారు."

"నువ్వు సైంటిస్టువి. నీకు ప్రచారంలా కనబడుతుంది. దానికి అదే లోకం."

ఆమని గదిలోంచి అరిచింది. "మీరిద్దరూ వచ్చి ఆ లైన్లో నిలబడండి, తెలుస్తుంది!"

ఆ వారాంతంలోనే జోగారావు భార్యకి చెప్పకుండా కోటు కొనుక్కొచ్చాడు.

ఆ తర్వాత ఇల్లు తెరిపిన పడ్డట్టే అనిపించింది. ఆమని పొద్దున్నే లేచి తయారవుతోంది. బడి కబుర్లు చెబుతోంది. నవ్వుతోంది. ఒక్కటే హైమవతికి అంతుపట్టలేదు. ఆదివారాలు పిల్ల వాడిపోయేది. భోజనాల దగ్గర తల్లి జుట్టు సవరించబోతే మెడ పక్కకి తిప్పేసేది. "నీ చెయ్యి గరుగ్గా ఉందమ్మా," అని ఒకసారి మామూలుగానే అనేసింది.

సంహిత పుట్టినరోజు రుషికొండ దగ్గర ఒక రిసార్టులో చేశారు. కూతుర్ని తీసుకురావడానికి హైమవతి వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆమని పరుగెత్తుకొచ్చి, "తడిసిపోతావమ్మా, నువ్వు వేసుకో," అని కోటు విప్పి తల్లి భుజాల మీద కప్పి, కేకు డబ్బా తెచ్చుకోవడానికి మళ్ళీ లోపలికి వెళ్ళింది. వాన నుంచి తప్పించుకోవడానికి పిల్లలంతా వచ్చి హైమవతి నిలబడ్డ షెడ్డు కింద, ఆమె చుట్టూ గుమిగూడారు.

అప్పుడు ఆమె మెడ వెనక ఏదో కదిలింది.

వెచ్చటి అరచెయ్యి ఒకటి మెడ నుంచి నడుము దాకా నింపాదిగా జారినట్టు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ పైనుంచి. హైమవతికి తెలియకుండానే భుజాలు సడలిపోయాయి. ఎందుకో తెలియకుండా, చుట్టూ ఉన్న ఈ పిల్లలందరూ తన సొంతవాళ్ళని అనిపించింది. కళ్ళు చెమ్మగిల్లాయి.

మరుక్షణం కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఆ చెయ్యి జారే వేగం ఆమెకి తెలుసు. ఇంకొంచెం వేగమైతే చక్కిలిగిలి, ఇంకొంచెం నిదానమైతే చీమ పాకినట్టు ఉంటుందని, సరిగ్గా ఈ వేగం పట్టుకోవడానికి ఆమె ఏళ్ళ తరబడి కష్టపడింది.

సోమవారం ప్రయోగశాలలో, కూతురి కోటు లోపలి అస్తరులోంచి లాగి తెచ్చిన పోగుని మైక్రోస్కోపు కింద పెట్టింది. మెలి తిరిగిన మూడు పొరలు. ఒంటి వేడికి ముడుచుకుని సాగే పొర, వేడిని మోసే పొర, పక్కన ఏముందో పసిగట్టే పొర. అనుమానం లేదు. అది ఒడి నూలు. ఆ పేరు పెట్టింది కూడా ఆమే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కోసం చేసిన నూలు అది. అలాంటి బిడ్డని తల్లి రొమ్ముకి ఆనించుకుంటే ఊపిరి కుదుటపడుతుంది, గుండె లయ నిలబడుతుంది. కానీ తల్లి ఆపరేషన్ బల్ల మీదో, జ్వరంతోనో ఉంటే? ఆ వేళకి పనికొచ్చేలా, పక్కన పెట్టిన రికార్డులోని తల్లి గుండె చప్పుడుకి తగ్గట్టు బిడ్డ వీపు నిమిరే గుడ్డ నేయించింది హైమవతి. పెద్దాసుపత్రిలో పసికందుల వార్డు చూసే సిస్టర్ సలోమి మొదటి గుడ్డలో గుప్పెడంత బిడ్డని చుట్టి, మానిటర్ మీద అంకెలు నిలకడకి వస్తుంటే, "మేడమ్, మాకు ఇంకో చెయ్యి మొలిచినట్టుంది," అని ఏడ్చేసింది.

ఆ గుడ్డలు ఆసుపత్రికి రావడం ఏడాదిగా ఆగిపోయింది. నూలు తయారీలో ఏవో ఇబ్బందులున్నాయని పైనుంచి చెప్పారు. హైమవతి అది నమ్మి, ఆ ఇబ్బందులు తీర్చడానికి రాత్రనక పగలనక కూర్చుంది.

ఆమె పోగు ఉన్న గాజు పలక పట్టుకుని డైరెక్టర్ పేరిశాస్త్రి గదిలోకి వెళ్ళింది.

"ఈ నూలు జెల్వో కోట్లలోకి ఎలా వెళ్ళింది సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మన దగ్గర హక్కులు తీసుకున్న వైద్య కంపెనీని జెల్వో కొనేసింది హైమవతిగారూ. కొన్నవాళ్ళు ఎలా వాడుకుంటే మనకేం? అసలు మీరు సంతోషించాలి. మీ ఆవిష్కరణ లక్షలమంది ఒంటి మీద ఉంది."

"ఆసుపత్రికి నూలు లేదని చెప్పారు."

"తయారైనదంతా కోట్లకే సరిపోవడం లేదట. ఆసుపత్రి వాళ్ళు డబ్బు ఇవ్వడంలో వాయిదాల మీద వాయిదాలు. వ్యాపారం కదమ్మా."

"నిమరడం తల్లి గుండె చప్పుడుకి కదా జరగాలి? ఇది పక్క కోటుని చూసి నిమురుతోంది. ఎవరు మార్చారు?"

"ఆ వివరాలు వాళ్ళ రహస్యం. మీరు కూడా దాన్ని గౌరవించాల్సి ఉంటుంది," అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. మాట అయిపోయిందన్నట్టు.

ఊపిరి తీసుకోవడం ఇంకా నేర్వని బిడ్డల నోటి దగ్గరిది లాక్కుని, బలిసిన పిల్లల కోట్లకి అస్తరు వేశారు. కారిడార్లో నడుస్తుంటే హైమవతి చెవుల్లో రక్తం హోరెత్తింది.

ఇంటికి వెళ్ళి ఆ కోటు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలనుకుంది. కానీ వేస్తే పిల్ల మళ్ళీ ఆ లైన్ ముందు నిలబడాలి. కంపెనీతో తేల్చుకున్నాక చూద్దామని ఊరుకుంది. రాసిన ఉత్తరాలకి జెల్వో నుంచి జవాబు రాలేదు. ఈలోగా సీజన్ మారింది.

జెల్వో కొత్త కోటు వదిలింది. ఈక గుర్తు కింద సన్నటి గీత తప్ప పాతదానికీ దీనికీ చూడ్డానికి తేడా లేదు. వారం తిరిగేసరికి క్లాసులో సగంమంది అవే వేసుకొచ్చారు. ఆమని పాతదే వేసుకుని వెళ్ళింది.

"చలేస్తోందమ్మా," అంది ఆ సాయంత్రం.

బయట కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ఉక్క. హైమవతి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు.

"కొత్త కోటు కోసం నాటకాలాడకు ఆమనీ."

పిల్ల దుప్పటి కప్పుకుని ముడుచుకుంది. నాలుగు రోజులకి పెదవులు పగిలాయి. అన్నం సహించడం లేదు. జోగారావు డాక్టరు దగ్గరికి తీసుకెళితే రక్తపరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒకరోజు బడి నుంచి ఫోన్ వచ్చింది. ఆమని బాత్రూంలో వేడినీళ్ళ కుళాయి తిప్పుకుని, బట్టలతోనే దాని కింద కూర్చుందట.

ఆరోజే హైమవతి దుకాణానికి వెళ్ళి ఒక కొత్త కోటు కొంది. మర్నాడు ఆమనిని ప్రయోగశాలకి తీసుకెళ్ళి, పాత కోటు వేయించి, వేడిని రంగుల్లో చూపించే కెమెరా ముందు నిలబెట్టింది. తెర మీద పిల్ల వీపు పసుపుపచ్చగా, మామూలుగా ఉంది. హైమవతి కొత్త కోటుని ఒక కొయ్యకి తగిలించి పిల్ల పక్కకి జరిపింది.

తెర మీద ఆమని మెడ దగ్గర నీలం చుక్క పుట్టింది. అది వెన్ను వెంట కిందికి కారి, చూస్తుండగానే వీపంతా పరుచుకుంది. పిల్ల దవడలు టకటకా కొట్టుకోవడం మొదలయ్యాయి. హైమవతి కొయ్యని ఒక్క తోపు తోసి, కూతురి ఒంటి మీది కోటు లాగేసింది.

పాత కోటు కొత్త కోటుని పసిగట్టి, తొడుక్కున్న పిల్ల ఒంట్లోంచి వేడి లాగేస్తోంది. అది పొరపాటున జరిగేది కాదు. ఎవరో తీరిగ్గా కూర్చుని, ఆలోచించి పెట్టినది. కోటు విప్పేసినా చలి పోలేదు. నెలలపాటు నిమిరించుకోవడానికి అలవాటుపడిన నరాలు, అది ఆగిపోగానే మామూలు గాలినే చలిగా లెక్కేస్తున్నాయి.

ఆమని తెర వైపే చూస్తోంది.

"అంటే నేను నాటకాలాడలేదు కదమ్మా?"

హైమవతి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఈసారి పిల్ల మెడ తిప్పుకోలేదు.

బడి తల్లిదండ్రుల సమావేశంలో మాట్లాడతానని హైమవతి అడిగింది. ప్రిన్సిపాల్ నసిగి నసిగి, జెల్వో ప్రతినిధి కూడా ఉంటేనే అని ఒప్పుకుంది. బడి క్రికెట్ మైదానానికి గడ్డి వేయించింది ఆ కంపెనీయే.

శనివారం మధ్యాహ్నం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులతో హాలు నిండింది. ఏసీ పాడైందో ఏమో, అందరూ కాగితాలతో విసురుకుంటున్నారు. హైమవతి తెర మీద నీలం వీపు చూపించి, తెలిసినదంతా చెప్పింది. జెల్వో నుంచి వచ్చిన అనిరుధ్ అనే కుర్రాడు చక్కటి తెలుగులో, చిరునవ్వు చెదరకుండా సమాధానమిచ్చాడు.

"మేడమ్ బాధ మాకు అర్థమైంది. కానీ ఇది చల్లదనం ఇచ్చే సౌకర్యం మాత్రమే. మన వాతావరణానికి మంచిది. కొన్నప్పుడే యాప్‌లో షరతులన్నీ ఉంటాయి. మీరంతా ఒప్పుకున్నవే."

ముందు వరసలోంచి సంహిత తండ్రి సత్యకేశవ్ లేచాడు. బీచ్ రోడ్డులో హోటళ్ళున్న మనిషి.

"నేనొకటి అడుగుతాను మేడమ్. మీ అమ్మాయికి కొత్త కోటు కొనిపెట్టేస్తే అయిపోయేదానికి మమ్మల్నందర్నీ ఇలా కూర్చోబెట్టడం ఏంటండీ? మా సంహిత ఇదివరకు ఫోన్లోంచి తలెత్తేది కాదు. ఈ కోటొచ్చాకే నలుగురితో కలుస్తోంది. మీ ఇంట్లో గొడవ మా ఇళ్ళల్లోకి తెస్తారా?"

చాలామంది తలలూపారు. "ఔనండీ, మా వాడు కూడా," అని ఎవరో అన్నారు.

హైమవతి వేదిక అంచుకి వచ్చింది. తను చెప్పబోయే మాట తనకే నచ్చలేదు.

"మీ అమ్మాయి కోటు ఒక్కసారి విప్పించండి సార్. ఇక్కడే. మీరే."

"అంతేగా? సంహితా, ఇలా రామ్మా."

పిల్ల వచ్చింది. తండ్రి జిప్పు మీద చెయ్యి వెయ్యగానే రెండు చేతులతో పట్టేసుకుంది. "వద్దు డాడీ." నవ్వుతూనే విప్పబోయాడు. "వద్దు డాడీ, ప్లీజ్, వద్దు!" ఆయన నవ్వు ఆగిపోయింది. అంతమందిలో మాట పోతుందనుకున్నాడో ఏమో, చేతులు విడిపించి కోటు లాగేశాడు.

కాగితాల విసురు ఒక్కటే వినిపిస్తున్న ఆ హాల్లో సంహిత రెండు చేతులూ ఒంటికి చుట్టుకుంది. పెదవులు వణికాయి. మోకాళ్ళు వణికాయి. అందరి చొక్కాలూ చెమటకి అంటుకుపోయి ఉండగా ఆ పిల్ల ఒక్కతీ మంచులో నిలబడ్డట్టు గడగడా వణుకుతూ, దొర్లిపోతున్న కన్నీళ్ళతో నేల మీద పడ్డ కోటు కోసం చెయ్యి చాపింది.

సత్యకేశవ్ కూతుర్ని చూస్తూ కొయ్యబారిపోయాడు. వెనక వరసలోంచి ఆమని లేచి వచ్చింది. మెడకి తల్లి చున్నీ చుట్టుకుని ఉంది.

"కాసేపు అలాగే ఉంటుంది అంకుల్. గట్టిగా పట్టుకోండి. ఇంకా గట్టిగా."

ఆయన నేల మీద కూర్చుని బిడ్డని ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ హాల్లో ఇంకెవరూ విసురుకోవడం లేదు. తల్లులు, తండ్రులు తమ పిల్లల మెడల దగ్గర జిప్పుల వైపు భయంగా చూసుకుంటున్నారు.

"ఇది తాత్కాలికమే..." అన్నాడు అనిరుధ్.

"నోర్ముయ్!" సత్యకేశవ్ కేక హాలంతా మోగింది. "నా కూతురి ఒంట్లో చలి పెట్టడానికి మీరెవర్రా? ఏ షరతులో రాశార్రా అది?"

హైమవతి వేదిక దిగి అనిరుధ్ ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుపొస్తుందని తెలుసు.

"నెలలు నిండని బిడ్డ ఊపిరి మరిచిపోకుండా ఉండటానికి చేశాను ఆ నూలు. ఆ బిడ్డల దగ్గర్నుంచి లాక్కున్నారు. అక్కడితో ఆగలేదు. తల్లి చెయ్యి ఎలా ఉంటుందో నేను కొలిచి చెబితే, దాన్ని అమ్ముకోవడానికి వాడుకున్నారు. పిల్లలకి ముందు చెయ్యి అలవాటు చేసి, తర్వాత అదే చెయ్యి తీసేసి, కావాలంటే మళ్ళీ కొనుక్కోమన్నారు. బడిలో పిల్లల మీద పిల్లల్నే కాపలా పెట్టారు. మీకు ఇంట్లో పిల్లలున్నారా బాబూ?"

అతను తల దించుకున్నాడు. ఆ చిరునవ్వు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మొహం మీదే వదిలేశాడు.

ఆ హాల్లో ఎవరో తీసిన వీడియో ఊళ్ళు దాటింది. బడి ఆ కోట్లని నిషేధించింది. మైదానం గడ్డి మాత్రం ఉంచుకుంది. జెల్వో క్షమాపణ చెప్పలేదు. 'కొందరు వాడుకదారుల అభిప్రాయాలను గౌరవిస్తూ' చల్లదనం తీసేశామని ఒక ప్రకటన ఇచ్చి ఊరుకుంది. నిమరడం అలాగే ఉంది. అది ఇంకా అమ్ముడుపోతోంది.

సంస్థ రహస్యాలు బయటపెట్టిందని హైమవతిని సస్పెండ్ చేశారు. విచారణలో పేరిశాస్త్రి మెత్తగా అన్నాడు. "పొరపాటైందని ఒక్క మాట అనండి హైమవతిగారూ. అంతా సర్దుకుంటుంది."

"అనను. పసిపిల్లల వార్డుకి నూలు ఎప్పుడు పంపిస్తారో చెప్పండి. అది తేలేదాకా నేను ఈ గుమ్మం ముందే ఉంటాను. సస్పెండ్ అయినవాళ్ళకి తీరికెక్కువ."

చెప్పినట్టే చేసింది. సిస్టర్ సలోమి సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పక్కన కూర్చునేది. సత్యకేశవ్ ఒక లాయర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన వాటా ముందు వెళ్ళాలని కోర్టు చెప్పడానికి వర్షాకాలం గడిచిపోయింది. అప్పుడు వార్డుకి చేరిన గుడ్డలు ఒక్క పెట్టెకి మించలేదు. ఈలోగా గుడ్డలు అందని బిడ్డల సంగతి ఎవరూ ఎత్తలేదు. హైమవతి మాత్రం ఎత్తుతూనే ఉంది.

ఇంట్లో చలి అంత తొందరగా వదల్లేదు. నరాలు మరిచిపోవడానికి వాటి టైం అవి తీసుకుంటాయని డాక్టరు అన్నాడు. సాయంత్రం కాగానే ఆమని వణికేది. జోగారావు డ్యూటీ నుంచి వచ్చి, నూనె మరకల చొక్కాతోనే పిల్లని వీపు మీద ఎక్కించుకుని డాబా మీద తిప్పేవాడు. హైమవతి పక్కలో వేసుకుని వీపు నిమిరేది. ప్రపంచంలో అందరికంటే బాగా ఆ వేగం తెలిసిన చెయ్యి, అయినా ఒక్కోసారి తప్పేది. మరీ నిదానమయ్యేది, లేదా కునుకు పట్టి ఆగిపోయేది. అప్పుడు పిల్ల భుజంతో తట్టి లేపేది. కొన్నాళ్ళు, "కోటు అయితే ఆగదు," అని ఏడ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా హైమవతికి ఆ కంపెనీ అద్దాల మేడని చేతుల్తో పీకి సముద్రంలో పారెయ్యాలనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సముద్రం వైపు నుంచి గాలి అన్నదే లేదు. తల్లీ కూతుళ్ళు గచ్చు మీద చాప వేసుకుని పడుకున్నారు. ఎప్పటిలాగే ఆమని తల్లి పొట్టలో తల పెట్టుకుని ముడుచుకుంది. హైమవతి చెయ్యి దాని వీపు మీద తిరుగుతోంది.

కాసేపటికి పిల్ల అసహనంగా కదిలింది. నుదుటి మీద జుట్టు తడిసి అంటుకుపోయింది. కళ్ళు మూసుకునే తల్లి చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"అబ్బ, అటు జరుగమ్మా. ఉక్క చంపేస్తోంది."

హైమవతి జరిగింది. చాప దిగి, వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుంది. కూతురి మెడ మీద చెమట బొట్టు ఒకటి పుట్టి, నింపాదిగా వీపు మీదికి జారడం చూస్తూ అలాగే ఉండిపోయింది.